జనవృద్ధి – జీవనస్థితి



జనసంఖ్య పెరుగుటకును, దేశాభివృద్ధికిని, మన నిత్యజీవనమునకును గల సంబంధమెట్టిదన్నది నేటి ప్రసంగవిషయము. ఇది అర్థశాస్త్రజ్ఞులు మాత్రమే చర్చింపదగిన విషయముగా పైకి కన్పట్టును. కాని మన పెరటిబావికిని, ఊరిబడికిని, ఇంటి ఆడబిడ్డకును దీనితో సంబంధము కలదు. కావున పల్లెపెద్దలతో దీనిని ముచ్చటింపవలెనని నా తలంపు. హైదరాబాదునకు ఈశాన్యదిక్కుననున్న నాగారమును, దాని చుట్టుపట్లనుండు కీసర, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతములను దృష్టియందుంచుకొని మాటలాడెదను. ఇచ్చట జరిగినది రేపు ఏ పట్టణము ప్రక్కనున్న పల్లెయందైనను జరుగవచ్చును.

మనలో ఒక సామెత కలదు: "నారు పోసినవాడు నీరు పోయకపోవునా?" ఇంట ఐదవబిడ్డయో ఆరవబిడ్డయో పుట్టినపుడు పెద్దలు ఈ మాట పలికి తల్లిదండ్రులకు ధైర్యము చెప్పెడివారు. దైవముపై నమ్మకముండుట మంచిదే. అయినను చెరువులో నీరెంతయున్నదో కట్టమీదికి పోయి చూడక వడ్లు నానవేసిన రైతును మన మెవ్వరమైన మెచ్చుకొందుమా? చెరువు సగము నిండిన యేడు సగము మడులకే నారు పోయుట మన పూర్వుల పద్ధతి. మిగిలిన సగములో మెట్టపైరు వేసికొనెడివారు. నారును నీరును సరిచూచుకొను ఆ పద్ధతియే జనవృద్ధి విషయమునను మనకు దారి చూపును.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొందము. జనము తక్కువగానున్న పూర్వకాలమున సుఖము ఎక్కువగా నుండెనని పలువురు తలంతురు. 1911లో నిజాము రాజ్యమున జనసంఖ్య సుమారు 1 కోటి 33 లక్షలు. 1921లో మరల లెక్కింపగా అది 1 కోటి 24 లక్షలుగా తేలెను. పదేండ్లలో తొమ్మిదిలక్షల మంది తగ్గిరి. ఆ తగ్గుట సుఖము వలన కలిగినది కాదు. 1918లో లోకమంతట వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరమును, ప్లేగును, వానలు లేని కరవును కలిసి ఇండ్లకు ఇండ్లను ఖాళీ చేసెను. జనము తగ్గినంతమాత్రమున జీవనము మెరుగుపడునన్న మాట నిజమైనచో, ఆ పదేండ్లు మన చరిత్రలో స్వర్ణయుగము కావలసియుండెను.

ఆ దినములలో ఎక్కువమంది బిడ్డలను కనుటకు కారణము అజ్ఞానమని నేటివారు సులభముగా అందురు. అది అన్యాయమైన మాట. 1951 ప్రాంతమున మన దేశమున మనుష్యుని సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు. 1971 నాటికిని దేశమున వేయిమంది శిశువులు పుట్టినచో 129 మంది ఏడాది నిండకుండగనే మరణించుచుండిరి. ఆరుగురిని కన్న తల్లికి ముగ్గురు మిగులుదురన్న నిశ్చయము లేదు. పింఛనులు లేవు, ఆసుపత్రులు లేవు. ముసలితనమున గంజిపోయువాడు కొడుకొక్కడే. అట్టి స్థితిలో సంతానబాహుళ్యము ఆనాటి రైతునకు బీమా వంటిది. తెలంగాణమున 2020 నాటికి శిశుమరణములు వేయింటికి 21కి దిగినవి. బిడ్డ బ్రతుకునన్న నమ్మకము కలిగిన పిమ్మటనే తల్లిదండ్రులు కాన్పులు తగ్గించుకొందురు. ఇది పెక్కు దేశములయందు కనబడిన క్రమము.

ఈ క్రమములో ఒక చిక్కు కలదు. మందులు, టీకాలు, మంచినీరు వచ్చిన వెంటనే మరణములు తగ్గును. అలవాట్లు మారి జననములు తగ్గుటకు ఒకటి రెండు తరములు పట్టును. ఆ నడిమికాలమున జనసంఖ్య ఏటివరదవలె పొంగును. మన దేశమున జరిగినది ఇదియే. 1951లో 36 కోట్లుగానున్న జనము 2011 నాటికి 121 కోట్లయ్యెను. 2023లో మన దేశము చైనాను మించి ప్రపంచమున ప్రథమస్థానమునకు వచ్చెనని ఐక్యరాజ్యసమితి అంచనా వేసినది.

1798లో ఇంగ్లండునందు మాల్థస్ అను పండితుడు జనము పెరిగినంత వేగముగా ధాన్యము పెరుగజాలదనియు, తుదకు కరవులే జనమును తగ్గించుననియు వ్రాసెను. మన దేశమున ఆయన భయపడినట్లు జరుగలేదు. 1950–51లో ఆహారధాన్యముల పంట 5 కోట్ల టన్నులు. 2022–23లో అది 32 కోట్ల టన్నులు దాటెను. జనము నాలుగింతలు కాగా ధాన్యము ఆరింతలకు మించినది. కొత్తవంగడములు, కాలువలు, ఎరువులు, రైతు చెమట ఈ పనిని సాధించినవి. కాని నీటి లెక్క ఇందుకు విరుద్ధముగానున్నది. 1951లో దేశమున మనిషి ఒక్కింటికి ఏటికి 5,177 ఘనపుమీటర్ల నీరు లభ్యమై యుండగా, 2011 నాటికి అది 1,545 ఘనపుమీటర్లకు దిగినది. వాన పెరుగలేదు, నదులు పెరుగలేదు, పంచుకొను చేతులు పెరిగినవి. ధాన్యమును శాస్త్రము పెంచగలదు. నీటిని, నేలను అది ఆ విధముగా పెంపజాలదు. కావున నేటి జనవృద్ధి ప్రశ్నకు ముఖ్యస్థానము అన్నపుగిన్నెకంటె నీటికుండ యని నా అభిప్రాయము.

ఇప్పుడు తెలుగునాటి సంగతి. ఇది పెద్దలు గర్వింపదగినదియు, ఒకింత తలవంచుకొనదగినదియునై యున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1981 నుండి 1991 వరకు జనసంఖ్య నూటికి 24 వంతుల చొప్పున పెరిగెను. తరువాతి పదేండ్లలో ఆ పెరుగుదల నూటికి 14 వంతుల ప్రాంతమునకు దిగినది. ఇంత తక్కువ కాలములో ఇంత తగ్గుట దేశమునంతను ఆశ్చర్యపరచినది. కేరళమున స్త్రీవిద్య ముందు వచ్చెను, చిన్న కుటుంబము వెనుక వచ్చెను. మనకు 1991లో స్త్రీలలో నూటికి 33 మందికి మాత్రమే అక్షరజ్ఞానముండెను. అయినను కుటుంబములు చిన్నవాయెను. చదువురాని తల్లులే తమ బిడ్డలు చదువుకొనవలెనని నిశ్చయించుకొనిరి. ఇద్దరినైతే బడికి పంపగలము, ఐదుగురినైతే కూలికే పంపగలమని వారికి ఏ పుస్తకమును చెప్పలేదు. తమ బ్రతుకే చెప్పినది.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము తెలంగాణమున ఒక స్త్రీ సగటున కను బిడ్డల సంఖ్య 1.8, ఆంధ్రప్రదేశమున 1.7. ఒక తరము స్థానమును తరువాతి తరము సరిగా నింపుటకు 2.1 ఉండవలెనని శాస్త్రజ్ఞుల లెక్క. అనగా మన ఇండ్లలో జననములు ఆ మట్టమునకు దిగువకే చేరినవి. "జనము పెరుగుచున్నది, కాన్పులు తగ్గించుడు" అని నేడు పల్లెలో ఉపన్యసించువారు నలుబదియేండ్లు ఆలస్యముగా వచ్చినవారగుదురు.

ఈ ఘనకార్యపు భారమును మోసినదెవరు? తెలంగాణమున వివాహితస్త్రీలలో నూటికి 60 మందికి పైగా సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. పురుషులలో చేయించుకొన్నవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మంది. వైద్యశాస్త్రము చెప్పునదేమనగా, పురుషునకు చేయు శస్త్రము చిన్నది, అపాయము తక్కువ, కోలుకొనుట త్వరితము. 1975–77 అత్యవసరస్థితి కాలమున మగవారికి బలవంతపు శస్త్రచికిత్సలు జరిగినందున పురుషులలో బెదురు పుట్టినది. ఆ పిమ్మట ప్రభుత్వములు ఆ బరువునంతను నెమ్మదిగా ఆడువారిమీదికి జరిపినవి. 2022 ఆగస్టులో మన నగరమునకు ఆవలిదిక్కుననున్న ఇబ్రహీంపట్నమున ఒక్క శిబిరములో 34 మంది స్త్రీలకు ఈ శస్త్రచికిత్స చేయగా, పిదప కొద్దిదినములలోనే నలుగురు తల్లులు మృతినొందిరి. చిన్నబిడ్డలను ఇంటివద్ద విడిచి పోయినవారు తిరిగి రాలేదు. దేశపు లెక్కలలో తగ్గిన ప్రతి అంకెవెనుకను ఒక ఆడుదాని దేహమున్నదని మనము మరువరాదు.

మహాభారతమున ఆదిపర్వమునందు పాండురాజు మువ్వురు కుమారులు కలిగిన పిమ్మటను ఇంకను సంతానమును కోరగా, కుంతి ఇక చాలునని నిరాకరించినది. అరణ్యమున, శాపగ్రస్తుడైన భర్తతో, కష్టకాలముననున్న ఆ యిల్లాలి మాటను పాండురాజు మన్నించెను. మన పురాణములలో పుత్రపౌత్రాభివృద్ధి దీవెన యున్నంత స్పష్టముగానే, ఆడుది చాలునన్నపుడు ఆగుట ధర్మమన్న సంగతియు ఉన్నది. మనము దీవెననే పఠించి, రెండవదానిని ప్రక్కకు పెట్టితిమి.

ఇచ్చట శ్రోతలకొక సందేహము కలుగును. ఇండ్లలో కాన్పులు తగ్గినవి గదా, మరి మన నాగారము ఇంత క్రిక్కిరిసినదేల? బాట దాటుటకు కష్టమగుచున్నదేల? బోరుబావులు వందల అడుగులు దిగినను ఎండుచున్నవేల? దీనికి సమాధానము పురిటిగదిలో దొరకదు, రహదారిమీద దొరకును. ఇచ్చటి వృద్ధి పుట్టినవారిది తక్కువ, వచ్చినవారిది ఎక్కువ.

ఒకప్పుడు ఈ ప్రాంతము వరిమడులకును, ద్రాక్షతోటలకును పేరెన్నిక గన్నది. అనాబెషాహీ ద్రాక్షపందిళ్లు కీసర, శామీర్‌పేట, మేడ్చల్ దారుల వెంట పచ్చగా కనులపండువుగా నుండెడివి. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ నగరపు ఈ అంచున నెలకొనెను. దాని ఉద్యోగులకై కాలనీలు లేచినవి. 1999 తరువాత శామీర్‌పేట వద్ద జీనోమ్ వ్యాలీ యన్న పేర ఔషధ, టీకాల పరిశోధనశాలలు వచ్చినవి. నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి 2018 నాటికి పూర్తియైనది. 2025 జనవరిలో చర్లపల్లిలో కొత్త రైల్వేటెర్మినల్ ఆరంభమైనది. బాట వచ్చినచోటికి బేరము వచ్చును, బేరము వచ్చినచోటికి జనము వచ్చును. పందిళ్లు కూలి ప్లాట్ల హద్దురాళ్లు మొలిచినవి.

పాలనయందలి మార్పులు కూడ ఈ వేగమునకు సాక్ష్యములు. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడెను. గ్రామపంచాయతీగానున్న నాగారము 2018లో పురపాలక సంఘమైనది. 2025లో దానిని హైదరాబాదు మహానగర పాలకసంస్థలో కలిపిరి. పదేండ్లలోపల ఒక పల్లె మూడవతారములు ఎత్తినది. 2011 లెక్కల ప్రకారమే ఈ జిల్లాప్రాంతమున 24 లక్షలకు పైగా జనముండిరి. రాష్ట్రమంతటికి సగటున చదరపు కిలోమీటరునకు 312 మంది యుండగా, ఇచ్చట రెండువేలు దాటినది.

వచ్చినవారిని నిందింపరాదు. పాలమూరు కూలీలు, శ్రీకాకుళపు మేస్త్రీలు, ఒరిస్సా నుండి ఇటుకబట్టీలకు వచ్చిన కుటుంబములు, బీహారు యువకులు కలిసియే ఈ మేడలను కట్టిరి. వారిని "పైవారు" అని తీసివేయుట అతిథిధర్మమునకు తగదు, న్యాయమునకును తగదు. మన బిడ్డలు దుబాయికి, అమెరికాకు పోయి ఇట్లే పైవారగుచున్నారు గదా! తప్పు వచ్చినవారియందు లేదు. వారు రాకమునుపు చేయవలసిన యేర్పాటులు చేయకపోవుటలోనున్నది. నారు పోసినవారు వేరు. ఎకరములను గజములుగా కోసి అమ్మి, సొమ్ము పెట్టెలో వేసికొని వారు వెళ్లిపోయిరి. నీరు పోయవలసిన భారము మిగిలినవారిమీద పడినది.

నీటి చరిత్రను ఒకమారు తలచుకొందము. 1908 సెప్టెంబరులో మూసీవరద హైదరాబాదును ముంచివేసిన పిదప, విశ్వేశ్వరయ్యగారి సలహాతో వరదను ఆపుటకును, త్రాగునీటికిని జలాశయములను తలపెట్టిరి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. ఆనాటి నగరజనము నాలుగైదు లక్షలు. అయినను రాబోవు తరములను లెక్కించి కట్టిరి. అవి దశాబ్దములపాటు నగరపు దప్పిక తీర్చినవి. తరువాత జనము చెరువును మించెను. మంజీరనుండి నీరు తెచ్చితిమి. అది చాలక కృష్ణనుండి తెచ్చితిమి. అదియు చాలక 2015లో గోదావరిని ఎల్లంపల్లి నుండి నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో నడిపించి మేడ్చల్ ప్రాంతమందలి ఘనపురమునకు చేర్చితిమి. 2016లో మన పొరుగుననున్న గజ్వేలు వద్ద మిషన్ భగీరథకు ఆరంభోత్సవము జరిగినది.

ఆ పేరు పెట్టినవారు మంచిపేరే పెట్టిరి. సగరచక్రవర్తికి అరువదివేలమంది కుమారులు. వారు అశ్వమునకై భూమినంతను త్రవ్విరి, కపిలమహర్షి కోపాగ్నికి బూడిదయైరి. ఆ అరువదివేలమందికి సద్గతి కలిగించినది అదే వంశమున పిదప పుట్టిన భగీరథుడొక్కడు. ఆయన తెచ్చినది నీరు. కొందరికి సంఖ్యయే బలమని తోచును, కాని సగరుని కథ వేరొక నీతిని చెప్పుచున్నది. ఎందరున్నారన్నదానికంటె, ఉన్నవారికై ఎవరేమి చేసిరన్నది ముఖ్యము. మరియొక సంగతి: భగీరథుడు గంగను ఎంత దూరమునుండి తెచ్చినను, ఇంటిముందరి చెరువును పూడ్చుకొని దూరపు నదిని నమ్ముకొనుమని ఆయన ఎవరికిని చెప్పలేదు. చెరువు వాననీటిని భూమిలోనికి దింపును. ఆ ఊటయే బోరుబావికి ప్రాణము. కట్ట తెగిన చెరువు క్రింద బోరు వేయుట, ఆవును అమ్మివేసి పాలకుండ కొన్నట్లుండును.

నీరు వచ్చునది ఒకవైపు కాగా, చెత్త పోవునది మరియొకవైపు. మన నాగారమునకు పొరుగుననే జవహర్‌నగర్ కలదు. మహానగరపు చెత్త యేండ్ల తరబడి అచ్చట కొండయై పేరుకొన్నది. 2020లో చెత్తను కాల్చి విద్యుచ్ఛక్తి తీయు కర్మాగారమును అచ్చట ప్రారంభించిరి. అయినను ఆ దుర్గంధమును, ఆ మురుగు దిగిన భూగర్భజలమును అనుభవించిన చుట్టుపట్ల ఊళ్లవారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. నగరమువారి సౌఖ్యపు ఫలము నగరమున, దాని ఉచ్ఛిష్టము మన గుమ్మమున. జనవృద్ధి, అభివృద్ధి అను రెండుమాటలకు నడుమనున్న దూరమును ఆ చెత్తకొండ మనకు ప్రతిదినమును చూపుచున్నది. ఎకరము ధర పెరిగిన ఊరిని అభివృద్ధి చెందిన ఊరు అనుచున్నారు. ధర అమ్ముకొన్నవానికి ఒక్కమారు దక్కును. గాలి, నీరు, బడి, ఆటస్థలము నివసించువానికి ప్రతిదినమును కావలయును.

ఆటస్థలమన్నాను గనుక ఒక నియమమును జ్ఞాపకము చేసెదను. లేఔటు వేయువారు నూటికి పదివంతుల స్థలమును ఖాళీగా విడువవలెనని శాసనము. ఆ విధముగా విడువని లేఔట్లు వేలకొలది పుట్టినవి. 2020లో వచ్చిన క్రమబద్ధీకరణ పథకమున, ఖాళీస్థలము లేనిచోట ప్లాటు విలువలో నూటికి 14 వంతుల రుసుము కట్టిన సరిపోవునని యేర్పరచిరి. సొమ్ము ఖజానాకు చేరును. ఆ సొమ్ముమీద పిల్లవాడు బంతి ఆడుకొనజాలడు. వానకాలమున పొంగిన నీరు దానిమీదికి ఇంకిపోజాలదు. పోయిన ఖాళీస్థలము తిరిగి రాదు. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించుటకు హైడ్రా అను సంస్థను ప్రభుత్వము స్థాపించినది. అది కూల్చివేతలు చేసినపుడు, తెలియక చెరువుశిఖములో ఇల్లు కొనుక్కొన్న సామాన్యులు వీధిన పడిరి. ముందే పెద్దలు "ఇది శిఖము, దీనిని అమ్మరాదు" అని గట్టిగా పలికియున్నచో, చెరువును నిలిచియుండును, ఆ కుటుంబములును నిలిచియుండును.

ఇక ఈ విషయమునకు రెండవముఖము కలదు. జననములు తగ్గినందున ముసలివారి పాలు పెరుగుచున్నది. 2036 నాటికి తెలంగాణమున నూటికి సుమారు 17 మంది అరువదియేండ్లు దాటినవారుందురని ప్రభుత్వపు అంచనా. ఒక్క కొడుకు, వాడు విదేశమున, ఇంట ఇద్దరు వృద్ధులు: ఇట్టి గృహములు నేడు ప్రతివీధిలోను ఉన్నవి. ఇది చూచియే 2024లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఎక్కువమంది బిడ్డలను కనుడని ప్రజలకు చెప్పిరి. 1994 పంచాయతీరాజ్ శాసనము ఇద్దరికి మించి సంతానమున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీచేయరాదని కట్టడి చేసియుండెను. ఆంధ్రప్రదేశ్ 2024లో ఆ కట్టడిని రద్దుచేసెను. తెలంగాణ మంత్రివర్గమును 2025లో గ్రామపంచాయతీల విషయమున దానిని తొలగింప నిర్ణయించెను. శాసనసభ, లోకసభ స్థానములు జనసంఖ్యను బట్టి తిరిగి పంచబడునపుడు, కాన్పులు తగ్గించుకొన్న దక్షిణదేశమునకు నష్టము కలుగునన్న ఆందోళనయు ఇందులో కలిసినది. 1976లో ఆ పంపకమును 1971 లెక్కలపై నిలిపివేసిరి. 2001లో ఆ నిలుపుదలను 2026 తరువాతి జనగణన వరకు పొడిగించిరి.

ఈ వాదములో న్యాయమున్నది. మంచిపని చేసినవానికి శిక్షపడరాదు. కాని నిన్న "కనవద్దు" అని శాసించి, నేడు "కనుడు" అని శాసించుటలో ఒక లోపము కనబడుచున్నది. రెండుమారులును అడుగకుండ విడువబడినది తల్లియే. ఇద్దరిని కనుటకు ఇష్టమున్న దంపతులు ఒక్కరితో ఆగుచున్నారన్నచో, కారణమడుగుడు. బడిరుసుము చెప్పుదురు, అద్దె చెప్పుదురు, ఉద్యోగమునకు పోవు తల్లి బిడ్డను విడుచుటకు చోటులేదని చెప్పుదురు. తెలంగాణమున నూటికి 60 కాన్పులు కడుపుకోతతోనే జరుగుచున్నవి, ఆ వ్యయమును చెప్పుదురు. లోకసభ స్థానముకొరకు ఏ తల్లియు బిడ్డను కనదు. పెంచగలనన్న ధైర్యము కలిగినపుడు కనును. అట్టి ధైర్యమును కలిగించు ఊరే అభివృద్ధి చెందిన ఊరు.

పెద్దలారా, మీవలన కాగల పనులు మూడు కలవు. వానిని చెప్పి ముగించెదను.

మొదటిది లెక్క. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికముగా గ్రహించి జనగణన జరుపుదుమని ప్రభుత్వము 2025లో ప్రకటించినది. నాగారము వంటిచోట 2011 లెక్కలతో నేటి నీరు, నేటి బడి, నేటి ఆసుపత్రి కొలుచుట, బాలుని చొక్కాను యువకునికి తొడుగుట వంటిది. ఆ లెక్కకు వచ్చినవారికి అద్దెయింటివారిని, గుడిసెలవారిని, ఇటుకబట్టీ కూలీలను తప్పక చూపింపుడు. లెక్కలోనికి రాని మనిషికి కుళాయి రాదు. వానివాటా నీరు మీ వాటానుండియే పోవును.

రెండవది ఊరుమ్మడి నేల. చెరువుశిఖము, అలుగు, కాలువ, బంచరాయి, శ్మశానము, బడిస్థలము, లేఔటులో విడిచిన పదివంతులు: వీని హద్దులు తెలిసినవారు నేడు మీతరము మాత్రమే. ఏ తూము ఏ మడికి పారెనో, ఏ వాగు ఎటు పోయెనో మీరెరుగుదురు. కాగితములలో అది మాసిపోయినను మీ జ్ఞాపకమున మాయలేదు. పంచాయతీయున్న ఊళ్లలో గ్రామసభయందును, నగరమున కలిసిన ఊళ్లలో అధికారులయెదుటను ఆ హద్దులను వ్రాయించి, సంతకములు చేసి, నకలును బడిలో నుంచుడు. ఈ పని మీ తరువాత ఎవ్వరును చేయజాలరు. జరుగని యెడల, మీతోనే చెరువు హద్దును పోవును.

మూడవది ఆడపిల్ల. 2019–21 పరిశీలనలో తెలంగాణమున ఇరువది, ఇరువదినాలుగేండ్ల నడుమనున్న యువతులలో నూటికి 23 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహమైనట్లు తేలినది. దేశమున చదువులేని స్త్రీకి సగటున 2.8 బిడ్డలును, పండ్రెండేండ్లు లేక అంతకు మించి చదివిన స్త్రీకి 1.8 బిడ్డలును కలుగుచున్నారు. కనుటయా మానుటయా యన్న నిర్ణయము చదువుకొన్న పిల్ల చేతిలోనుండును. చదువురానిపిల్ల విషయమున ఇతరులు నిర్ణయింతురు. పదవతరగతితో బడిమానిన మీ మనుమరాలిని, మీ పాలేరు కూతురిని తిరిగి బడికి పంపించుట ఒక పెద్దమనిషి మాటవలన అగును. శస్త్రచికిత్స విషయము వచ్చినపుడు "ముందు నీవు పొమ్ము" అని కొడుకునకు చెప్పుటయు ఆ పెద్దమనిషివలననే అగును. వైద్యులు వందమార్లు చెప్పినదానికంటె తండ్రి ఒక్కమారు చెప్పినది మగవానికి తలకెక్కును.

నారు పోసినవాడు నీరు పోయునన్న మన సామెత అబద్ధము కాదు. పోయువాడు ఎవడన్న ప్రశ్నకు మాత్రము మనము ఆకాశమువైపు చూచుచుంటిమి. ఊళ్లో నారు ఎవరు పోసిరో మనకు తెలియును, ఎంత పోసిరో తెలియును. నీటివంతు మనదే. ఈ వానకాలమునకు ముందుగా, ఒక ఉదయమున నలుగురు పెద్దలు కలిసి మీ చెరువుకట్టమీద ఈ చివరనుండి ఆ చివరవరకు నడిచి చూడుడని ప్రార్థించుచు, ఇంతటితో విరమించుచున్నాను.